సిల్వరు మాను దిగులు

మా అమ్మకు తెలిసినంతలో లోకంలో సిల్వరు రెండే రెండు. ఒకటి మేం సంగటి కెలుక్కునే సిల్వరు తపేలా. రెండోది మదనపల్లెలో మేమున్న బడి గేటు పక్కన ఉండిన సిల్వరు మాను. పుస్తకాల్లో దాన్ని సిల్వర్ ఓక్ అంటారు. గాలి తోలినప్పుడల్లా దాని ఆకులన్నీ ఒక్కసారిగా వెల్లకిలా తిరిగి, అడుగుభాగం తెల్లగా మెరిసేది. అమ్మ ఊడుస్తున్న చీపురు ఆపేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసేది.

"సూడు మే, ఎవురో బూడిదేసి తోమి బోర్లించినట్టుండాది" అనేది.

ఆ మెరుపు నాకిప్పటికీ కలలోకి వస్తుంది. కలలో మాను ఉండదు, అమ్మ ఉండదు, ఊరు కూడా ఉండదు. ఒట్టి మెరుపే, అటూ ఇటూ తిరుగుతూ. మెలకువ వచ్చాక కాసేపు నేను ఏ ఊళ్లో పడుకున్నానో తెలియదు. ఏళ్ల తరబడి పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని, ఇట్లాంటివి రాస్తే నా పాత విద్యార్థులు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వాళ్ల పళ్లేమైనా నా సొమ్మా?

అమ్మ ఆ బడిలో ఆయమ్మ. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మకు పని ఇచ్చినప్పుడే గేటు పక్కన ఒక గది కూడా ఇచ్చారు. నేను పెరిగిందంతా ఆ గదిలోనే. పొద్దున్నే బడంతా ఊడవడం, మధ్యాహ్నం పిల్లలకు ఉప్మా వండటం, గంటగంటకూ గంట కొట్టడం ఆమె పనులు. గంటంటే నిజం గంట కాదు, మూరెడు రైలు పట్టా ముక్క. మాను కొమ్మకు ఇనుప తీగతో వేలాడేది. అమ్మ కొంగు బిగించి, ఇనుప కడ్డీ పట్టుకుని, సరిగ్గా ఆ కొమ్మ కిందే నిలబడి కొట్టేది. ఆ చప్పుడు మార్కెట్టు దాకా వినపడేదట. ఆమె గంట కొడితే ఊళ్లో గడియారాలు సరి చేసుకుంటారని అమ్మకు గట్టి నమ్మకం. ఎవరూ సరి చేసుకోగా నేను చూడలేదు.

ఎండాకాలం మొదట్లో మాను నిండా నారింజరంగు పూలు పూసేవి. దువ్వెన పళ్లలా ఒక పక్కకే బారులు తీరి ఉండేవి. వాటిలో తేనె ఎంతుండేదంటే, కింద నిలబడితే జుట్టు జిగటయ్యేది. మేం రాలిన పూలు ఏరుకుని చప్పరించేవాళ్లం. ఉప్మా గంగాళంలోనూ ఒకటో రెండో పడేవి. పిల్లలెవరైనా పూవు వచ్చిందని అరిస్తే అమ్మ, "పూవే గదా వచ్చె, పామేమన్నా వచ్చెనా? తిను!" అని కసిరేది. సాయంత్రం బడి వదిలేశాక కొండల వైపు నుంచి చల్లగాలి దిగేది. మేమిద్దరం చాప వేసుకుని మాను కింద కూర్చునేవాళ్లం. అమ్మ మానుతో మాట్లాడేది. ఏ టీచరమ్మ ఏమన్నదో, బియ్యంలో ఎన్ని రాళ్లున్నాయో, అన్నీ చెప్పేది. నేను పక్కనే ఉన్నా మానుకే చెప్పేది. నాకు కోపం వచ్చేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సాయంత్రాలన్నీ ఒకే సాయంత్రమేమో అనిపిస్తుంది.

డెబ్బైల నడిమిన నేను ఇంటర్ పరీక్షలు రాశాను. చదువులో నేను అంతంత మాత్రమే. ఇంగ్లీషు నన్ను పట్టుకుని పీడించింది. ఫలితాలు రాకముందే అమ్మ మొక్కుకుంది. దేవుడికి కాదు, మానుకి. "నా కూతురు గట్టెక్కి డిగ్రీలో సేరితే, నీకు కట్ట కట్టిస్తా తల్లీ" అంది. మా వైపు మానుకు కట్ట కట్టించడమంటే దానికి పట్టుచీర పెట్టినంత మర్యాద. చుట్టూ రాళ్లు పేర్చి, లోపల మట్టి పోసి, పైన సిమెంటు మెత్తుతారు. నేను గట్టెక్కాను. ఎట్లా గట్టెక్కానో ఆ పేపరు దిద్దిన పుణ్యాత్ముడికే తెలియాలి.

అమ్మ తమ్ముడు, అంటే మా మామ, పుంగనూరులో బేల్దారి పని చేసేవాడు. కబురందగానే తాపీ, తూగుగుండు సంచిలో వేసుకుని బస్సు దిగాడు. పెద్ద టీచరమ్మ సరేనంది, పిల్లలు కూర్చోవడానికి బాగుంటుందని. మామ మాను చుట్టూ పునాది తవ్వాడు. వేళ్లు అడ్డం వచ్చాయి. నా చేయంత లావు వేళ్లు. "అడ్డమొస్తాండాయక్కా" అన్నాడు. "కొట్టెయ్‌రా, కట్ట వంకర పోకూడదు" అంది అమ్మ. కొట్టేశాడు. రాళ్లు నిలబెట్టాక చెరువు మట్టి తెప్పించి మాను మొదలుకు మోకాలెత్తు పోసి, దిమ్మెసతో అణచి, పైన నున్నగా సిమెంటు పూశాడు. నేను బిందెలతో నీళ్లు మోశాను. ఆరిన రోజు అమ్మ కట్టకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నన్ను దాని మీద కూర్చోబెట్టి చుట్టూ తిరిగి చూసింది. అంత సంతోషంగా ఆమె ముఖం నేను అంతకుముందు చూడలేదు. నాకూ గర్వంగానే ఉండింది. కాళ్లూపుకుంటూ కూర్చున్నాను.

తర్వాత రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. బడి బావిలో బొక్కెన అడుగు రాయికి తగిలి ఖంగుమనేది. మాను పై కొమ్మలు ఎర్రబారాయి. ఆకులు తిరగడం, మెరవడం తగ్గింది. పూలు సరిగా రాలేదు. అమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పింది. బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి కట్ట మీద పోసేది. అవి సిమెంటు మీద జారి నేల మీదికి పోయేవి. పోయే నీళ్లను అరచేత్తో మళ్లీ మొదలు వైపు నెట్టేది. నేను అప్పటికి బీయెస్సీ బాటనీ చదువుతున్నాను. వేళ్లు ఎట్లా నీళ్లు తాగుతాయో బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ బొమ్మకూ, మా కట్టకూ సంబంధం ఉందని నా బుర్రకు తోచనే లేదు.

ఒక పొద్దున అమ్మ కేకకు లేచాను. మాను బెరడు పలకలు పలకలుగా ఊడి కట్ట మీద పడి ఉంది. ఊడినచోట చెక్క మీద బూడిదరంగు పొడి, మెత్తగా, చేత్తో తీస్తే చేతికి అంటేది. అమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

"విబూది మే! మాను విబూది ఇస్తాండాది!"

మధ్యాహ్నానికల్లా వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. అమ్మ చిన్న చిన్న కాగితం పొట్లాలు కట్టి ఇచ్చింది. గంట కొట్టే ఆయమ్మ ఆ వారంలో మర్యాదస్తురాలయింది. టీచరమ్మలు కూడా ఆమెను "ఏమ్మా, కాస్త ఇస్తావా" అని అడిగారు. పుంగనూరు నుంచి మామ వచ్చి ఒక పొట్లం పట్టుకుపోయి వాళ్ల పొట్టి ఆవు నుదుట పెట్టాడట, అది నాలుక చాచి నాకేసిందట. నేను కూడా పెట్టుకునేదాన్ని. ప్రాక్టికల్ పరీక్ష రోజు అమ్మ నా నుదుట అడ్డంగా మూడు గీతలు పెట్టి, "మీ మేడమమ్మకు కూడా ఈ పొట్లం ఇయ్యి, మంచిది" అని చేతిలో పెట్టింది.

మా బాటనీ మేడం కోస్తా వైపు మనిషి. ఏది చేతికొచ్చినా మైక్రోస్కోపు కింద పెట్టి చూసే అలవాటు ఆమెకు. ఒకసారి ఎవరో ఇచ్చిన పెళ్లి లడ్డూ ముక్క కూడా పెట్టింది. పరీక్ష అయ్యాక నా పొట్లం తీసుకుని, కళ్లకద్దుకుని, చిటికెడు స్లైడు మీద వేసి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత నన్ను పిలిచి చూడమంది. చూశాను. బూడిదైతే అట్లా ఉండదు. ఒకే రకమైన చిన్న చిన్న గుండ్రాలు, లెక్కలేనన్ని.

"ఇది విభూతి కాదమ్మా. ఇవి బూజు బీజాలు. ఎక్కడిది?" అంది.

చెప్పాను. ఆమె బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసింది. అది చలిదేశాల ఓక్ చెట్ల గురించిన పుస్తకం. మన సిల్వర్ ఓక్ పేరుకే ఓక్ అనీ, అసలు ఓక్‌లతో దానికి చుట్టరికం లేదనీ, కానీ లక్షణాలు చూస్తే ఇదీ ఆ జాతి జబ్బే అయ్యుండాలనీ చెప్పింది. బెరడు ఊడటం, కింద బూడిదరంగు పొడి, తర్వాత అది నల్లగా మసిపెంకులా గట్టిపడటం, లోపల చెక్క పెళుసెక్కి గాలి లేకపోయినా కొమ్మలు విరిగి పడటం, అన్నీ అందులో ఉన్నాయి.

"మందేమన్నా ఉందా మేడం?" అని అడిగాను.

"లేదు. ఇది బయటి నుంచి వచ్చి పడేది కాదు. బాగున్న చెట్టులో కూడా ఉంటుంది, గుట్టుగా, ఏ హానీ చేయకుండా. చెట్టుకు కష్టం వచ్చినప్పుడే లేస్తుంది. స్ట్రెస్ అంటారు. నీళ్లు లేకపోవడం, వేళ్లు తెగడం, మొదలు చుట్టూ మట్టి పోసి పూడ్చడం..." చదువుతూ ఆగి, "మీ చెట్టుకు అట్లాంటిదేమైనా జరిగిందా?" అంది.

"వానల్లేవు మేడం" అన్నాను.

"అదొక్కటేనా?"

"అదొక్కటే" అన్నాను. చెవుల్లో మామ గొడ్డలి చప్పుడు వినిపిస్తోంది. కంచె చేను మేసినట్టు మా మొక్కే మానును మింగింది. అందులోనూ ఎవరికోసం మొక్కిన మొక్కు? కాలేజీ నుంచి ఇంటికి ఎట్లా నడిచానో గుర్తు లేదు. ఎండలో రోడ్డు తెల్లగా, చప్పుడు లేకుండా, కలలో రోడ్డులా సాగింది. దారిలో ఒక్కటే నిశ్చయించుకున్నాను. మానును కొట్టించాలి, ఎందుకంటే అమ్మ రోజుకు ఎనిమిదిసార్లు ఆ కొమ్మ కింద నిలబడుతుంది. కట్ట సంగతి మాత్రం అమ్మకు ఎప్పటికీ తెలియకూడదు. అది తెలిస్తే ఆమె తట్టుకోలేదు.

అమ్మ కట్ట మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మా, అది విబూది కాదంట. బూజంట."

"ఎవురు సెప్పినారు?"

"మేడం. గాజుపెట్టి కింద సూసింది."

"విబూది మాత్రం యాడ నుంచి వస్తాది మే? పిడకలు కాలిస్తే వస్తాది. నమ్మితే విబూది, నమ్మకుంటే బూడిద" అంది.

స్ట్రెస్ అనే మాటను అమ్మకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. వెతుక్కుని వెతుక్కుని, "మానుకు దిగులంట మా. దిగులు పడితేనే ఈ జబ్బు లేస్తాదంట" అన్నాను. ఆ మాట వాడటమే నేను చేసిన తప్పు.

"దిగులా? దానికేం దిగులు? నేనుండాను గదా!"

"వానల్లేవు గదా మా. నీళ్లు లేక."

"అంతేనా?"

"అంతే. కొట్టేయాలంట. విరిగి పడతాదంట."

అమ్మ లేచి నిలబడింది. ఆమెకు కోపం వస్తే ముక్కుపుటాలు అదిరేవి. "దిగులు పడినోళ్లను నరుకుతారా మే యాడన్నా? మీ నాయన పోయినప్పుడు నాకూ దిగులు పట్టె. ఆరు నెలలు అన్నం సయించలే. నన్నెవురన్నా నరికినారా? సదువుకున్న నోటితో మాట్లాడేది ఇదేనా?" అంది. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోకుండా సంగటి తిన్నాం.

పెద్ద టీచరమ్మకు నేనే వెళ్లి చెప్పాను. ఆమె మరునాడు వడ్రంగం సాయిబును పిలిపించింది. బడి బెంచీలన్నీ ఆయన చేసినవే. తెల్లగడ్డం, చెవి మీద పెన్సిలు. ఆయన చెక్క చెక్కే బాడిస మడమతో మానును అక్కడా ఇక్కడా తట్టి, చెవి ఆనించి విన్నాడు. డాక్టరు వీపు మీద తట్టినట్టే ఉండింది. అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

"అక్కా, నేను మానుల్తో శానా దినాలుగా మాట్లాడేటోణ్ణి. తడితే జవాబ్ ఇస్తాయి. ఇది ఇయ్యలే" అన్నాడు సాయిబు. "లోపల్ పెళుసు. క్యా కరే, ఉమర్ అయిపోయింది అనుకో."

"దీని వయసెంతన్నా, నా కూతురంత గూడా లేదు" అంది అమ్మ. తర్వాత మెల్లగా, "శుక్రవారం దాకా ఆగన్నా. నేను సెప్పుకోవాల్సినవి ఉండాయి" అని అడిగింది. సాయిబు పెద్ద టీచరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. పిల్లలను ఆ వైపు రానీయొద్దని మాత్రం చెప్పింది. గంట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకు వచ్చింది, చెప్పాను కూడా. "గంట దాని కొమ్మకే కట్టిండాది, ఉన్నన్ని దినాలు ఆడనే కొడతా" అని అమ్మ కొట్టిపారేసింది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మా అమ్మ మొక్కగా ఉన్నప్పుడు కూడా వంగి ఉండదు.

ఆ మూడు రోజులు నేను కాలేజీకి వెళ్లలేదు. పరీక్షలు అయిపోయాయని ఇంట్లోనే ఉండి, గంట గంటకూ గది గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ కడ్డీ తీసుకుని కట్ట ఎక్కడం, కొట్టడం, దిగడం చూస్తూ. దిగేదాకా నా గుండె నా దగ్గర ఉండేది కాదు.

గురువారం మధ్యాహ్నం. గాలి లేదు. ఆకు కదలడం లేదు. పిల్లలు తరగతుల్లో ఎక్కాలు చదువుతున్నారు, ఆ రాగం ఎక్కడో దూరంగా నిద్రలో వింటున్నట్టుంది. అన్నం గంట కొట్టడానికి అమ్మ కట్ట మీదికి ఎక్కి కడ్డీ ఎత్తింది. పైన టప్‌మని చిన్న చప్పుడు, వేళ్లు విరుచుకున్నంత. అమ్మకు వినపడలేదు. నాకు వినపడింది. పరుగెత్తితే అందుకోలేను. పక్కకు రమ్మంటే "యాల?" అని అడుగుతుంది, ఎందుకో చెప్పేదాకా అక్కడే నిలబడి అడుగుతుంది. ఆమెను ఆ చోటు నుంచి కదిలించే మాట లోకంలో ఒకటే ఉంది.

"మా! ఉప్మా మాడతాండాది!" అని గొంతు చించుకుని అరిచాను.

"నీ మొగం మండ! సూసుకోమని సెప్పితిని గదే!" అంటూ అమ్మ కడ్డీతో సహా కట్ట మీద నుంచి దూకి వంటపాక వైపు పరుగెత్తింది. నాలుగడుగులు వేసిందో లేదో, కొమ్మ పట్టా ముక్కతో సహా దిగింది. పట్టా కట్ట మీద పడి ఒక్కసారి మోగింది. అది అంతకుముందు ఎప్పుడూ మోగనంత గట్టిగా మోగింది. పిల్లలు అన్నం గంట అనుకుని కేకలేస్తూ బయటికి వచ్చారు. నల్ల పొడి పొగలా లేచి మెల్లగా దిగింది. అమ్మ వెనక్కి తిరిగి చూసి, అట్లాగే నేల మీద కూలబడింది. నేను వెళ్లి ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఉప్మా మాడిందా?" అని అడిగింది.

"లేదు మా."

"మరి యాల అరిస్తివి?" అని, నా ముఖం చూసి ఊరుకుంది.

మరునాడు సాయిబు ఇద్దరు మనుషులతో వచ్చి మానును కొట్టాడు. మొద్దు పెరకడానికి కట్ట ఒకవైపు పగలగొట్టి, మట్టి తీశాడు. అమ్మ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడింది. గుంతలోకి వంగి వంగి చూసింది. కలప ఎందుకూ పనికిరాదు, పొయ్యిలోకి వాడుకోమన్నాడు సాయిబు. అమ్మ ఒక్క పుల్ల కూడా పొయ్యిలో పెట్టలేదు. అన్నీ ఆయన బండికే ఎత్తించింది. బండి గేటు దాటాక నా పక్కకు వచ్చి నిలబడింది.

"వానల్లేకనే గదా?"

"అవును మా."

"ఇంకేం లేదు గదా?"

"ఏం లేదు మా."

"సరే" అని లోపలికి పోయింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. పగిలిన కట్టను మామ మళ్లీ వచ్చి పూడ్చాడు. నడుమ మాను లేని కట్ట మీద పిల్లలు కూర్చుని ఉప్మా తినేవాళ్లు. గంటను వరండా దూలానికి మార్చారు. అక్కడ దాని గొంతు బొంగురుపోయింది.

ఎనభైల్లో నాకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చింది. అమ్మ కూడా పని మానేసి నాతోనే వచ్చింది. కుప్పంలో మాట తమిళంలో మొదలై, కన్నడంలో మలుపు తిరిగి, తెలుగులో ఆగేది. అమ్మ మొదట విసుక్కుంది, ఆరు నెలలకు మూడింట్లోనూ కూరగాయలు బేరమాడటం నేర్చింది. పొద్దున బెంగుళూరు రైలు కూత వినగానే, "ఎనిమిది నిమిషాలు లేటు" అనేది. గంట కొట్టిన చేయి ఊరికే ఉండదు కదా. మాను ఊసు మాత్రం ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు. మేమిద్దరం దాని చుట్టూ జాగ్రత్తగా నడిచేవాళ్లం. కొన్ని సాయంత్రాలు ఆమె గుమ్మంలో కూర్చుని ఎదురుగా ఖాళీ చోటును చూస్తూ పెదవులు కదిపేది. ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలుసు.

ఒక వానాకాలం మా బడిలో మొక్కలు నాటారు. మిగిలిన మొక్క ఒకటి నేను ఇంటికి తెచ్చి వాకిట్లో నాటాను. సిల్వర్ ఓక్. కావాలనే తెచ్చాను. ఆ ఆకుల మెరుపు మళ్లీ చూస్తే అమ్మ మనసు తేలిక పడుతుందనుకున్నాను. మేకలు తినేస్తాయని ఇంటి యజమాని మంచి మనసుతో, నేను బడిలో ఉన్నప్పుడు, మొక్క చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం సిమెంటు కలిపి చక్కగా గుండ్రంగా కట్టించి, లోపల మట్టి నింపించాడు.

నేను సాయంత్రం వచ్చేసరికి అమ్మ నేల మీద కూర్చుని గడ్డపారతో ఇటుకలు పెకలిస్తోంది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. చేతుల నిండా సున్నం.

"ఏం చేస్తాండావు మా?"

"కనపల్లేదా? తీస్తాండా" అంది, తల ఎత్తకుండా. "మానుకు ఊపిరాడల్ల గదా. ఒక దాన్ని సంపినాం, సాలదా?"

నా చేతిలో సంచి జారి పడింది. అమ్మ ఇంకో ఇటుక ఊడదీసి పక్కన పెట్టింది.

"నీకు... ఎప్పుడు తెలిసె?"

"నువ్వు కాలేజీ నుంచి వచ్చిన దినమే. ఆ దినం నేను కట్ట మింద కూచున్నా, నువ్వు వచ్చి నేల మింద కూచుంటివి. అంతకుముందు దిగమన్నా దిగేదానివి కాదు. ఆ తర్వాత ఒక్క దినమన్నా కట్ట మింద కూచుంటివా?" అంది. "సాయిబు మొద్దు పెరికినప్పుడు సూసినా గూడా. నా తమ్ముడు కొట్టిన కాడి నుంచే వేర్లు నల్లంగా పుచ్చిండె."

మాను లోపల ఆ బూజు ఉన్నట్టే, అంతకాలం మా ఇద్దరిలోనూ ఈ సంగతి ఉండిపోయింది. నేను ఆమె పక్కన కూలబడ్డాను.

"ఎనిమిదేండ్లు మా! యాల సెప్పలే? యాల అడగలే?"

అమ్మ గడ్డపార పక్కన పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, సున్నం ఇంకా ఎక్కువ అంటుకుంది. "మొక్కు నీకోసం గదా మొక్కినా. కట్ట వల్లనే పొయ్యిందని నేను నోరు తెరిస్తే, మాను నీ సదువు వల్ల సచ్చిందని నువ్వు అనుకుంటావు. నీకు దిగులు పడతాది" అంది. "మానుకు దిగులు పడితే ఏమైతాదో నువ్వే గదా సెప్తివి. నా బిడ్డకు పడితే నేనెట్ల తట్టుకుంటా?"

తట్టుకోలేదని నేనూ, తట్టుకోలేనని ఆమే. ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో, ఒకే తపేలాలో తింటూ. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఎక్కి ఎక్కి ఏడుస్తుంటే అమ్మ నా వీపు నిమరలేదు, ఒక ఇటుక నా చేతికి ఇచ్చి పక్కన పెట్టమంది. పెట్టాను. ఇంకోటి ఇచ్చింది. అట్లా వరస అంతా తీశాం. తర్వాత మొదలు చుట్టూ పోసిన మట్టిని చేతులతో తోడాం, లేత కాండం నేలను తాకే చోటు కనబడేదాకా. గాలి వచ్చి ఆ మొక్కకున్న పదీ పన్నెండు ఆకులు వెనక్కి తిరిగాయి. అమ్మ చేతులు ఆపి చూసింది.

లోపల స్టవ్వు మీద నుంచి వాసన వచ్చింది.

"మా, ఉప్మా మాడతాండాది" అన్నాను. ఈసారి నిజంగానే.

"మాడనీలే" అంది అమ్మ. ఇద్దరం లేవలేదు.